తోక కొసన మిగిలిన నీలం

మెట్ల పక్క గోడంతా ఎల్స్‌పెత్ పిట్టలే. నల్లగా అచ్చువేసి, ఒక్కో కాగితానికీ చేత్తో రంగులద్దిన ఏనాటివో బొమ్మలు. బడి వంటశాలలో గరిటె తిప్పినన్నాళ్లూ సెలవురోజున పాత సామాన్ల కొట్లు గాలించి కూడబెట్టింది. పొద్దున్నే కాఫీ కప్పుతో మెట్టు మీద కూర్చుంటే, వెర్మాంట్ మంచు వెలుగులో అవి రెక్కలు సర్దుకుంటున్నట్టే ఉండేది. వాటిలో మొదటిది నీలిపిట్ట. పెళ్లయిన ఏడు భర్త ఏమోస్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన పోయి చాలా కాలమైంది.

కిందటి చలికాలం ఆ నీలం వెలిసిపోతున్నట్టు తోచింది. ఏమోస్‌నే ఎవరో కొంచెం కొంచెంగా తుడిచేస్తున్నారని ఆమెకు గుబులు పట్టుకుంది. పాత బొమ్మకు కొత్త రంగు పూసినవాళ్లను ఇలాంటి బొమ్మలు కూడబెట్టే సేకరణ జనం గడప తొక్కనివ్వరు. ఎల్స్‌పెత్ కూడా అలాంటివాళ్లను నోరారా తిట్టిందే. అయినా ఒక మధ్యాహ్నం ఫ్రేము అద్దం మాత్రం తీసి, నీటిరంగుల డబ్బా తెరిచింది.

వసంతంలో రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. స్నేహితురాలు మేవిస్ కారులో ఇంటికి తీసుకొచ్చింది. లోకమంతా ఉతికి ఆరేసినట్టుంది. గోడ మీది పిట్టలన్నీ అప్పుడే నిద్రలేచి చూస్తున్నాయి. నీలిపిట్ట ఒక్కటే గొంతు చించుకుని అరుస్తున్నట్టుంది.

"ఏంటే ఇది? నీలిమందు డబ్బాలో పడి లేచిందా?" అంది మేవిస్.

ఎల్స్‌పెత్‌కు అప్పుడు అర్థమైంది. మసకబారింది బొమ్మ కాదు, తన కళ్లు.

"నేనే పూశానే."

"తడిగుడ్డతో తుడిచేయరాదూ?"

"దాంతోపాటు అడుగున ఉన్న పాత రంగూ పోతుంది."

కిటికీ అవతల కంచె మీద నిజం నీలిపిట్ట వాలింది. ఎండలో భగ్గుమనే నీలం.

"చూడవే, అచ్చం నువ్వేసిన రంగే! ఆ బొమ్మేసినోడి కన్నా నువ్వే నయం."

ఎల్స్‌పెత్ నవ్వబోయి ఏడ్చేసింది. "పిట్ట రంగు నాకెందుకే? ఏమోస్ తెచ్చిన రంగు కావాలి నాకు."

ఫ్రేము విప్పింది. బొమ్మ చుట్టూ బిగించిన అట్ట పైకెత్తితే, దాని అంచు కింద తోక కొస గోరంత కనబడింది. కుంచె అక్కడికి అందలేదు. తెల్లవారుజామున పొగమంచు వెనక ఆకాశంలా లేత నీలం. ఎల్స్‌పెత్ చాకు తెచ్చి, ఆ కొస కనిపించేంత మేర అట్టను కోసింది.

ఇప్పుడు ఇంటికొచ్చిన సేకరణ జనం ఆ పిట్టను చూసి మొహం చిట్లిస్తారు. ఎల్స్‌పెత్ పట్టించుకోదు. పొద్దున్నే కాఫీ కప్పుతో తోక ఉన్న వైపు కూర్చుని, ఏమోస్‌తో కాసేపు కబుర్లు చెబుతుంది.