మా దర్జీ బావ కత్తి

మా బావ దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నడుములు కొలిచాడు గానీ, తన నడుము వంచి ఒక్క బరువైన పని చేసిన పాపాన పోలేదు. వీధికుక్క మొరిగితే రోడ్డు అవతలికి దాటుతాడు. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడతాడు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే, తొక్కినవాడికే సారీ చెప్తాడు. అలాంటి మనిషి యాభై రెండేళ్ళ వయసులో, మెడలో టేపు వేలాడేసుకుని మా షెడ్డుకి వచ్చాడు.

"బావమరిదీ, నాకు కత్తి చేయడం నేర్పవూ?" అన్నాడు.

నేను నవ్వలేదు. నవ్వితే అక్కకి తెలుస్తుంది. అప్పటికే అక్క ఫోన్ చేసి, "ఆయనకి నేర్పు. ఎగతాళి చేశావో, నా గడప తొక్కొద్దు" అని హెచ్చరించింది.

మాది లారీ కమాన్ల షెడ్డు. లారీ కింద బరువు మోసే ఆ వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఉంటాయే, అవి. విరిగినవి మారుస్తాం, వంపు పోయినవి ఎర్రగా కాల్చి, కొట్టి, మళ్ళీ వంపు తెస్తాం. తాత చేశాడు, నాన్న చేశాడు, నేను చేస్తున్నాను. మా ఇంట్లో మగాడంటే సమ్మెట ఎత్తేవాడే. అలాంటి ఇంట్లో పుట్టి అక్క ఏరికోరి సూది పట్టేవాణ్ణి చేసుకుంది. పెళ్ళిలోనే నాన్న, "పోనీలే, చిరిగినవి కుట్టడానికి ఇంటికొకడు ఉండాలి" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఇరవై ఆరేళ్ళు చలామణీ అయింది. బావ భోజనానికి వస్తే చాలు, ఎవరో ఒకరు చిరిగిన చొక్కా తెచ్చి ఆయన ఒళ్ళో పడేసేవాళ్ళు. ఆయనేమో నవ్వుతూ కుట్టి ఇచ్చేవాడు. అసలు చిరుగు కనపడితే ఆ మనిషి ఆగలేడు, చొక్కా ఎదుటివాడి ఒంటి మీద ఉండగానే సూది తీస్తాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. రోషం లేని మనిషిని చూస్తే నాకు కలిగేది జాలి కాదు, అసహ్యం.

ఈ కత్తి పిచ్చి ఆయనకి కూతురి వల్ల పట్టింది. మా మేనకోడలు పళ్ళ డాక్టర్ దగ్గర సహాయకురాలు. ఆదివారం వస్తే ఒక వ్యాయామశాలకి పోతుంది. అక్కడ కొంతమంది చేరి, వందల ఏళ్ళ నాటి పుస్తకాల్లో బొమ్మలు చూసి, అప్పటివాళ్ళు కత్తులతో ఎలా తలపడేవాళ్ళో అచ్చం అలాగే తలపడుతుంటారు. ముఖానికి ఇనుప జల్లెడ లాంటి ముసుగు, ఒంటికి దళసరి కోటు. కూతురి కోటు బావే కుట్టాడు. అది చూసి క్లబ్బులో అందరూ కుట్టించుకున్నారు. కోచ్ అయితే, "ఈ కోటు వేసుకుంటే దెబ్బ తగిలినట్టే ఉండదండీ" అందట. అంతే, పొగడ్త తలకెక్కింది. క్లబ్బు కత్తులు కూతురికి పొడవు, పైగా బరువు. కోటు ఒంటికి సరిపడా కుట్టినవాణ్ణి, కత్తి చేతికి సరిపడా చేయలేనా అనుకున్నాడు. గుండీ కుట్టడం వచ్చినవాడికి ప్రపంచంలో ఏదైనా వచ్చేస్తుందని నమ్మకం కాబోలు.

వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చేవాడు. మొదటిరోజే ఏడు జేబుల తోలు ఏప్రన్ కుట్టుకుని మరీ దిగాడు. ఒక జేబులో సుద్దముక్క, ఒక దాంట్లో కళ్ళజోడు, ఒక దాంట్లో నోటుపుస్తకం. మిగతా నాలుగింట్లో ఏముండేవో నేను అడగలేదు. రెండోరోజు ఎర్రగా కాలిన పట్టీని గుడ్డ టేపుతో కొలవబోయాడు. టేపు అంటుకుంది. ఆ కమురు కంపు సాయంత్రం దాకా వదల్లేదు. ఇక సుత్తి పట్టుకోవడమా, తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు టిక్కు టిక్కుమని కొట్టేవాడు.

"బావా, అది ఇస్త్రీ చొక్కా కాదు, నలుగుతుందని భయపడకు. కొట్టు!" అని అరిచేవాణ్ణి.

"కొడుతున్నాను బావమరిదీ. చూడు, సరేనా?"

ఇదొకటి. ప్రతి దెబ్బకీ, ప్రతి గీతకీ, "చూడు బావమరిదీ, సరేనా?" అని నా బుర్ర తినేసేవాడు. మొదటి కత్తి గరిటె అయింది. రెండోది మెలికలు తిరిగింది. మూడోది కొలిమిలో మరిచిపోయి కొస కరగబెట్టాడు. షెడ్డులో పనివాళ్ళు ఆయన వచ్చే వేళకి టీ తెప్పించుకుని తీరిగ్గా కూర్చునేవాళ్ళు, వినోదం చూడటానికి. నేను వద్దనలేదు.

నేర్పడం మాత్రం నేర్పాను. ఈ ఆట కత్తి కోయడానికి కాదు, అంచు మొద్దుగా ఉండాలి, మొన గుండ్రంగా ఉండాలి. ఎదుటివాడి రొమ్ముకి తగిలితే వంగాలి, తీయగానే నిటారుగా రావాలి. అంటే అది కత్తి వేషం వేసుకున్న కమాను. ఉక్కుని ఎర్రగా కాల్చాలి, అయస్కాంతం అంటుకోవడం మానేసే దాకా. అప్పుడు నూనెలో ముంచితే గట్టిపడుతుంది. కానీ అలాగే వదిలేస్తే గాజులా పెళుసు, అందుకని చిన్న బట్టీలో సన్న సెగ మీద మళ్ళీ ఉంచాలి. ఆ సెగకి ఉక్కు ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆపైన నీలం తిరుగుతుంది. నీలం వచ్చిందంటే కమాను గుణం వచ్చినట్టు.

"ఈ నీలం బట్టీ సెగలో తప్ప రాదన్నమాట" అని ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. బడిపిల్లాడిలా కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఎనిమిదో కత్తి దగ్గర నాకు కడుపుమంట మొదలైంది.

ఆ కత్తి నిటారుగా వచ్చింది. మామూలు నిటారు కాదు. ముప్ఫై ఏళ్ళు గుడ్డ మీద సుద్దగీత గీసిన కన్ను కదా, వెంట్రుకవాసి వంకరని కూడా పట్టేసేవాడు. పట్టుకుని వెలుతురులోకి చూస్తే, మొదలు నుంచి కొస దాకా ఒకటే గీత. నేను పాతికేళ్ళుగా ఉక్కు కొడుతున్నాను, అంత నిటారైనది నా చేతిలో ఒక్కటీ రాలేదు. పనివాళ్ళు టీ గ్లాసులు పక్కన పెట్టి లేచి వచ్చి చూశారు. ఒకడు, "దర్జీగారు గట్టివారే" అన్నాడు. నా షెడ్డులో, నా ముందర.

ఇక మిగిలింది తోక. అంటే కత్తి మొదట్లో సన్నగా ఉండి పిడిలోకి వెళ్ళే భాగం. వెడల్పాటి కత్తి సన్నటి తోకగా మారే చోట రెండు మూలలు వస్తాయి. మేం ఆ మూలల్ని ఎప్పుడూ గుండ్రంగా వదులుతాం. చురుగ్గా ఉంటే నూనెలో ముంచగానే ఉక్కు అక్కడి నుంచే చీలుతుంది. ఇది నేను ఆయనకి చెప్పలేదు, అంతదాకా రాలేదు కాబట్టి. బావ ఆకురాయి పట్టుకుని, నాలుక బయటపెట్టి, ఆ రెండు మూలల్నీ కొత్త చొక్కా కాలర్ మూలల్లా చురుగ్గా తీర్చిదిద్దాడు. దర్జీకి మొద్దు మూలంటే చిన్నతనం.

"చూడు బావమరిదీ, సరేనా?" అన్నాడు.

చూశాను. "సరే" అన్నాను.

దాచడమెందుకు, నేను కోరుకున్నది ఒక్కటే. నూనెలో అది టిక్కుమని చీలాలి. పనివాళ్ళందరి ముందూ ఆయన ముఖం మాడిపోవాలి. అంతకుమించి నేనేమీ కోరుకోలేదు.

కానీ నూనెలో టిక్కుమనలేదు. పొగ లేచింది, అంతే. బావ చంకలు గుద్దుకుంటూ అక్కకి ఫోన్ చేయడానికి గుమ్మంలోకి పరిగెత్తాడు. నేను పట్టుకారుతో కత్తిని బయటికి తీసి, అలవాటుగా, ఉక్కు పెట్టి కొట్టే దాగలి దిమ్మ అంచు మీద ఒక్కటి తాటించాను. మంచి ఉక్కయితే టంగుమని మోగి, చాలాసేపు వినపడుతుంది. ఇది టప్పుమంది, పగిలిన కుండలాగ. లోపల చీలింది. ఎక్కడ చీలిందో కూడా నాకు తెలుసు.

గుమ్మంలోంచి బావ గొంతు వినపడుతోంది. "అవునే, గీత గీసినట్టుంది! మీ తమ్ముడే సరే అన్నాడు. మీ తమ్ముడే!"

నోరు తెరవబోయి మూసుకున్నాను. కత్తిని బట్టీలో పెట్టాను. నీలం తిరిగింది. ఎలాగూ క్లబ్బులో కోచ్ కొత్త కత్తి ఏదొచ్చినా మొన నేలకి ఆనించి, వంచి చూస్తుందట. అక్కడే విరుగుతుంది, అక్కడే పరువు పోతుంది, మంచిదే అనుకున్నాను. బావ పిడికి, చేతికి దెబ్బ తగలకుండా ఉండే అడ్డకమ్మీ బిగించాడు. చీలిక దాని కింద దాక్కుంది. పిడికి తోలు చుట్టి తన చేతికుట్టు వేశాడు. కుట్టు బాగుంది. ఏడ్చినట్టే ఉందని ఆయనతో చెప్పాను.

ఆదివారం పొద్దున అందరం వెళ్ళాం. అక్క కూడా వచ్చింది. పెద్ద హాలు, ఒక పక్క బాస్కెట్‌బాల్ ఇనుపస్తంభం, గోడ పక్కన బెంచీలు. కోచ్ కత్తి అందుకుని మొన నేలకి ఆనించి గట్టిగా నొక్కింది. కత్తి విల్లులా వంగింది. వదిలింది. గీతలా నిటారుగా లేచింది. ఆవిడ మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది.

"ఎవరు నేర్పారండీ మీకు?" అంది.

"మా బావమరిది" అన్నాడు బావ, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ.

అప్పుడు తట్టింది నాకు. మొన నొక్కితే వంగేది ముందు సగమే. పిడి దగ్గర కత్తి కదలదు. చీలిక ఉన్నది పిడి దగ్గర. అది వంచితే విరగదు, దెబ్బకి విరుగుతుంది. గట్టి దెబ్బ ఒకటి పడితే ఉత్త పిడి చేతిలో మిగిలి, కత్తి మొత్తం గాల్లో లేస్తుంది, రంపంలా విరిగిన మొదలుతో. పుట్టినప్పటి నుంచీ కమాన్ల మధ్య పెరిగిన మొనగాణ్ణి, ఇంత చిన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

మేనకోడలు ముసుగు వేసుకుంది. ఎదురుగా ఆరడుగుల మనిషి, అందరూ నిచ్చెన అని పిలుస్తారు. ఆ నిచ్చెన కత్తి ఎత్తాడు. పిల్ల తన కొత్త కత్తి అడ్డం పెట్టింది. మొదటి దెబ్బ పడింది. టప్పుమంది. హాల్లో ఇరవైమంది ఉన్నారు, ఆ చప్పుడు అర్థమైంది నాకొక్కడికే.

"ఆపండి!" అని అరుస్తూ మధ్యలోకి పరిగెత్తాను. పిల్ల చేతిలోంచి కత్తి లాక్కున్నాను. "చప్పుడు... చప్పుడు తేడాగా ఉంది" అన్నాను. స్తంభానికేసి బలంగా బాదాను. పిడి నా చేతిలో మిగిలింది. కత్తి హాలు అవతలి గోడ దాకా ఎగిరి పడింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. పిల్ల ముసుగు తీసి నన్ను వాటేసుకుంది. "మామయ్యా, నువ్వు లేకపోతే ఏమయ్యేదో!" అంది. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "నా తమ్ముడి చెవి అలాంటిది. ఇనుము ఊపిరి పీల్చినా వాడికి వినపడుతుంది" అని కోచ్‌కి చెప్పింది. కోచ్ నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. తాగాను.

బావ ఒక్కడే అవతలి గోడ దగ్గరికి వెళ్ళాడు. విరిగిన కత్తి తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. చాలాసేపు విరిగిన చోటు వైపే చూశాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

విరిగిన చోటంతా తెల్లటి బూడిదరంగు. ఒక్క మూలన మాత్రం, గోరంత మేర, నీలం.

"ఈ నీలం బట్టీ సెగలో తప్ప రాదన్నావు" అన్నాడు మెల్లగా. "రాసుకున్నాను. అంటే బట్టీలో పెట్టేసరికే చీలి ఉంది."

నేను నీళ్ళ సీసాకి మూత బిగించసాగాను.

"నూనెలోంచి నువ్వే తీశావు. దాగలి మీద తాటించావు. ఫోన్లో ఉన్నా నాకు వినపడింది. ఆ చప్పుడుకి అర్థం అప్పుడు నాకు తెలీదు. ఇందాక అదే చప్పుడు విని మధ్యలోకి పరిగెత్తావు చూడు, అప్పుడు తెలిసింది."

"బావా, అది కాదు..."

"మూల సరేనా అని అడిగాను" అన్నాడు. "అడిగాను కదూ?"

ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, కొట్టుకునేవాళ్ళం, ఎలాగోలా సరిపోయేది. నేను నేర్పిన రెండు ముక్కలతోనే నన్ను పట్టుకున్నాడు. విరిగిన ముక్కని ఏప్రన్‌లాగే కుట్టుకున్న సంచీలో జాగ్రత్తగా పెట్టుకుంటూ, "మీ అక్కకి చెప్పనులే. తనకున్నది ఒక్క తమ్ముడు" అన్నాడు.

ఇక షెడ్డు ముఖం చూడడనుకున్నాను. వచ్చాడు, పదిరోజుల తర్వాత, తన మామూలు మధ్యాహ్నం వేళకే. తొమ్మిదో కత్తి. నేను పని ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతూ చూస్తున్నాను. కొట్టాడు, ఈసారి తలుపు తట్టినట్టు కాదు. తోక దగ్గర మూలలు రెండూ తనే గుండ్రంగా దిద్దాడు. కాల్చాడు, అయస్కాంతం పెట్టి చూశాడు, నూనెలో ముంచాడు. పట్టుకారు అందివ్వబోయాను. ఆయన రెండోది తీసుకున్నాడు. కత్తిని తనే బయటికి తీసి, దాగలి అంచు మీద తాటించి, కళ్ళు మూసుకుని విన్నాడు. టంగుమంది. చప్పుడు సన్నగిల్లి ఆగిపోయే దాకా అలాగే నిలబడ్డాడు. బట్టీలో పెట్టాడు. పనివాళ్ళెవరూ టీ తెప్పించుకోలేదు.

మధ్యాహ్నమంతా ఒక్కసారి కూడా "చూడు బావమరిదీ" అనలేదు.

"బాగా వచ్చింది బావా" అన్నాను చివరికి. ఏడాదిపాటు ఆ మాట కోసం నా ముఖంలోకి చూసిన మనిషి, కొట్టుకి వచ్చిన గిరాకీకి ఊపినట్టు తల ఊపాడు.

ఆ రోజు పొద్దున కమాను తగిలి నా చొక్కా భుజం దగ్గర జానెడు చిరిగింది. బావ వెళ్ళబోతూ నా ముందు ఆగాడు. ఆయన చూపు ఆ చిరుగు మీద పడింది. పడి, అక్కడ నిలిచింది కూడా. చెయ్యి దానంతటదే పైజేబు దాకా, సూది ఉండే జేబు దాకా వెళ్ళింది. నేను భుజం కొంచెం ముందుకి పెట్టాను, సిగ్గులేకుండా.

ఆయన చెయ్యి దించేసుకున్నాడు. మెడలో టేపు సర్దుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు.