కోహెడలో ఉత్తుత్తి జ్వరం

పందొమ్మిది వందల నలభైల్లో, మద్రాసులో కెమెరా పని నేర్చుకున్న కొత్తలో, మిషన్ డాక్టరైన ఒక తెల్లదొర వెంట సిద్దిపేట దగ్గరి కోహెడకు వెళ్లాను. ఆయన దవాఖాన గురించి సినిమా తీయాలి. దృశ్యాలు మూడు: పిల్ల జ్వరంతో పడుకోవడం, దొర మందివ్వడం, పిల్ల లేచి పరిగెత్తడం. వరసగా తీస్తే సాయంత్రానికి అయిపోవాలి.

ఆయన మందుతో నిజంగానే కోలుకున్న పోశవ్వ అనే పిల్లను మంచం మీద పడుకోమన్నాను. తల్లి ఎల్లవ్వ అడ్డం వచ్చింది.

“లేసిన బిడ్డను మల్ల పండవెడ్తవా అయ్యా? జెరం మల్లొస్తే నువ్వుంటవా గీడ?”

“ఉత్తుత్తికేనమ్మా” అన్నాను.

“గది జెరానికెట్ల తెలుస్తది? గంత అక్కెరుంటే దొరను పండవెట్టు. మందు ఆయన తాననే ఉన్నది.”

దొర నవ్వి, బూట్లు విప్పి, నిజంగానే మంచమెక్కాడు. తెల్ల ముఖం కనబడితే కథ చెడుతుందని నేను గొంగడి ఆయన తలమీదికి లాగాను. ఎల్లవ్వ గబగబా వచ్చి దాన్ని మెడదాకా దించింది.

“పానమున్న మనిషికి మొకం కప్పుతరా అయ్యా? లే దొరా, లే. ఇంక పండకు.”

ఆయన లేచి కూర్చునేదాకా ఆమె పక్కనుంచి కదల్లేదు. నేను కెమెరా ఎత్తుకుని వాకిట్లోకి నడిచాను. మా సినిమా పోశవ్వ పరుగుతోనే మొదలవుతుంది.