పాదాలతో వినే జావేద్

దంతాలపల్లి మెకానిక్ జావేద్ ముందు బానెట్ ఎత్తడు. చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో కారెక్కుతాడు. బండి రోగం పాదాలకే తెలుస్తుందంటాడు. కిరాయి కారు నడిపే ఎల్లేశం బండి మలుపు తిరిగితే టకటకమంటోంది, స్టీరింగ్ వణుకుతోంది. తెల్లారితే కాళేశ్వరం కిరాయి. ఇద్దరు మెకానిక్‌లు చూసి, ఏమీ లేదని పంపేశారు. జావేద్ మార్కెట్ యార్డులో వట్టి కాళ్లతో కారెక్కి, స్టీరింగ్‌ను కుడికి పూర్తిగా తిప్పి ఇరవై చుట్లు తిరిగాడు. దిగి, ఎడమ చక్రం వెనక చెయ్యి పెట్టాడు. రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా పోయి, జాయింటు అరిగిపోయింది. ఇరుసుకు ఉలవ తీగలు చుట్టుకొని ఉన్నాయి.

"ఎవడన్నా రోడ్డు మీద ఉలువలు పరుస్తడా? బండ్లు ఖరాబ్ కావా?"

ఎల్లేశం తల వంచుకున్నాడు. "మాయే భాయ్. గింజలు రాలాలని నేనే కారుతోని పదిసార్లు తొక్కించిన."

జావేద్ నవ్వలేదు. కొత్త జాయింటు బిగించి, మళ్లీ చెప్పులు విడిచి కారెక్కాడు.