ఒత్తకూడని కాలు

కాలవ నీళ్లొచ్చి మా తెక్కలకోట చుట్టూ వరి మొదలైన కొత్తలో మా అత్తకు కడుపులో కంతి లేచింది. అది క్యాన్సరనీ, కోసి తీసే అదను దాటిపోయిందనీ బళ్లారి డాక్టరు మా ఆయనకూ నాకూ చెప్పాడు. తెలిస్తే అమ్మ గుండె జారిపోతుందని, ఎవరికీ చెప్పనని మా ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు. తన చెల్లెలికి కూడా చెప్పలేదు. ఆమెకు ఏడుపు ఆగదు, అమ్మకు తెలిసిపోతుందని భయం.

కొన్నాళ్లకు అత్త ఎడమ పిక్క వాచి ఎర్రబడింది. మళ్లీ బళ్లారి బస్సెక్కాం. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి మాతో అన్నాడు.

"ఈ జబ్బు ఉండేవాళ్లకు రక్తం తొందరగా పేరుకుంటాదప్పా. కంతిలోనుంచి ఏవో రసాలు రక్తంలో కలుస్తాయి. పైగా ఎక్కువసేపు మంచంమీదే ఉండే మనిషి, కాళ్లలో రక్తం నిదానమైపోతాది. ఇప్పుడు పిక్కలో అట్లే పేరుకోనుండాది. ఒత్తాకండి. ఆ ముక్క కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి దక్కదు. సుమ్నే, కదిలించకుండా పడుకోనీండి."

చెప్పడం సులువే. మా ఇళ్లలో అన్నాలయ్యాక కోడలు అత్త కాళ్లు ఒత్తిగాని పడుకోకూడదు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఒత్తుతున్నదాన్ని, ఆ రోజుతో మానేశాను.

"ఏమే, కాలు గుంజుతాండాది, రోంత ఒత్తవే," అనేది అత్త.

"డాక్టరు వద్దన్నాడత్తా."

"నా కాలు సంగతి డాక్టరుకేం తెలుసే? నీకు చేతులు నొస్తాండాయా?"

పొలం పని, వంట, ఆమె బట్టలు అన్నీ నావే. వాటిని ఎవరూ చూడలేదు. అత్త కాలు ఒత్తని కోడలని మాత్రం వీధంతా చెప్పుకున్నారు. కోడలి తప్పు దొరికితే మా వీధికి ఆ పూట కూరతో పనుండదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది. ఆమె మూలుగుతూ చెయ్యి చాపినప్పుడు లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని. ఉంటే ఒత్తేస్తానేమోనని భయం.

ఇంతలో మా ఆడబిడ్డ తల్లిని చూడ్డానికి వచ్చింది. కాలు ఒత్తొద్దమ్మీ అని గడపలోనే చెప్పాను. ఎందుకని అడిగింది. డాక్టరు చెప్పాడన్నాను. అంతకుమించి చెబితే అసలు జబ్బు బయటపడుతుంది, ఒట్టు అడ్డం. ఆమె నమ్మలేదు.

మర్నాడు పొద్దున కాలవలో బట్టలు జాడించుకుని వచ్చేసరికి, ఆముదం వెచ్చజేసి, తల్లి కాలు ఒళ్లో పెట్టుకుని పిసుకుతోంది.

"ఇన్నాళ్లూ యాడుండావే తల్లీ," అని అత్త కళ్లు మూసుకుని నవ్వుతోంది.

బట్టల గంప కింద పడేసి, "వదులమ్మీ!" అని అరిచాను. తల్లీకూతుళ్లిద్దరూ నన్ను రాక్షసిని చూసినట్టు చూశారు.

మధ్యాహ్నానికి అత్తకు ఆయాసం పట్టుకుంది. పొద్దుగుంకేలోపే పోయింది. ఒత్తినందుకు పోయిందో, ఒత్తకున్నా పోయేదో ఎవరు చెప్పగలరు?

కర్మలనాడు చుట్టాలందరి ముందూ ఆడబిడ్డ అంది: "నేను కాలు ఒత్తినాకే మా అమ్మ ప్రాణం సుఖంగా పోయింది. ఆ రోంత పని వదినె చేసుంటే అన్నాళ్లు అట్ల అల్లాడేదా?"

మా ఆయన తల దించుకున్నాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిపోయిన ఆ పిల్ల ముఖం చూశాను.

"అవునమ్మీ, నీ చేతికోసమే ఆ ప్రాణం ఆగిండె," అన్నాను.