పల్లేరుకాయ పొడి మందని తెలీక

మా నాన్నగారు ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయారు. అందుకే ఇవాళ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని, మా ఆవిడతో కలిసి రాజమండ్రి ఆస్పత్రికి వెళ్లాను. అందులో ప్రోస్టేట్ సంగతి చెప్పే అంకె మామూలుగానే ఉందన్నారు డాక్టరుగారు. ప్రాణం లేచొచ్చింది.

"మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, లేదండి అన్నాను.

మా ఆవిడ ఊరుకోలేదు. "అదేంటండీ, ఒంటేలుకి ఇబ్బందని రోజూ మజ్జిగలో పల్లేరుకాయ పొడి తాగుతున్నారుగా!"

"అది మందేంటే, మొక్కేగా" అని గొణిగాను.

డాక్టరుగారు నవ్వలేదు. "మొక్కైనా హార్మోన్ల మీద పని చేసి, ఈ అంకెని ఉన్నదానికంటే తగ్గించి చూపించొచ్చండి. పైగా ఆ పొట్లంలో ఇంకేం కలిపారో మనకి తెలీదు. దాన్ని ఆపేసి, కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఈ అంకెని నేను పూర్తిగా నమ్మలేను" అన్నారు.

బస్సెక్కి ఇంటికొచ్చేశాం. ఇందాక భోజనంలో మా ఆవిడ ఉత్త మజ్జిగ పోసింది. గ్లాసు ఖాళీ అయినా బెంగ తీరలేదు. రిపోర్టు బాగుందని ఇంత భయపడేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

మీరు తాగే పొడులూ కషాయాలూ డాక్టరుకి మీరే చెబుతారా, మీ ఆవిడ చెప్పేదాకా ఆగుతారా?