తోడికోడలి చీర

నా తోడికోడలంటే నాకు కడుపుమంట. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అప్పుడూ లేదు. నా మరిదిని చేసుకుని నా తర్వాత ఆ ఇంట్లో అడుగుపెట్టిన పిల్ల, ఏడాది తిరక్కుండానే అందరికీ తలలో నాలుక అయిపోయింది. "ఆ బిడ్డకు ఒక మాట చెప్తే సాలు, అయిపోయినట్టే" అనేది మా అత్త. నాకు చెప్తే ఏమవుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. శనివారం ఒంటిపూట ఉంటానని పొద్దున చెప్పి, ఆ రాత్రే అందరితోపాటు అన్నానికి కూర్చున్నదాన్ని. నేను మొదలుపెట్టిన వైరు బుట్ట పిడి లేకుండానే మిగిలిపోయింది. మా అత్త అందులో ఎండుమిరపకాయలు పోసి, వచ్చినవాళ్ళకు "మా పెద్దకోడలు అల్లింది" అని చూపించేది.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. జెర్సీ సీమావులు అప్పుడప్పుడే ఇళ్ళకు వస్తున్న రోజులు. మా ఇంటికీ ఒకటి వచ్చింది. ఈనగానే దూడ చచ్చిపోయింది. దూడ లేని ఆవు మనిషి చెయ్యి నమ్మితేనే చేపి పాలు వదులుతుంది, లేకుంటే పైకి లాక్కుని ఊరకే నిలబడుతుంది. అది నమ్మింది నా తోడికోడలి చెయ్యినే. ఆమె పొదుగు మీద చెయ్యి వేయగానే చెంబులో సర్రుమని ధార పడేది. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, మా ఇంట్లో పాలు సీసాలో వచ్చేవి. ఆవుతో నాకేం పని అని పైకి అనేదాన్ని.

ఆమె కాన్పుకు పుట్టింటికి పోయే నాడు పాలు పిండే పని నా నెత్తిన పడింది. అత్తకు చేతివేళ్ళు వాచి ముడుచుకునేవి కావు. మిగిలింది నేనే.

"చెయ్యి మారితే ఇది చేపదు. ఆ బిడ్డ పాత చీర ఆడ దండెం మీద ఉండాది, కట్టుకోని పో" అంది అత్త.

మా వైపు ఇది మామూలే. పిండే మనిషి ఊరికి పోతే, ఆ మనిషి చీర కట్టుకుని కొత్త మనిషి కూర్చుంటుంది. ఆవు వాసన చూసి మోసపోతుంది. పేడ మరకలున్న ఆ పచ్చ చీర చుట్టుకుని కూర్చున్నాను. ఆవు తల తిప్పి కొంగు వాసన చూసింది, హాయిగా చేపింది. అత్త సంబరపడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆమె ఇంట్లో లేకపోయినా పాలు ఆమెకే ఇస్తోంది ఆవు.

కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఒకరోజు ఇక పట్టలేక ఆ చీరను సబ్బు పెట్టి బండకేసి బాదాను. మురికిగా ఉందని అత్తకు చెప్పాను. మురికికి కాదు, ఆమె వాసన పోవాలనే ఉతికాను. పోయింది. ఆ సాయంత్రం ఆవు కొంగు వాసన చూసి, నా చేతిలో చెంబును తన్నింది.

"ఇట్లే పాలు ఎగబట్టుకుంటే ఎండిపోతాది. మళ్ళా ఈనేదాకా ఇంట్లో మజ్జిగ సుక్క ఉండదు" అంది అత్త. తిట్టలేదు. నా పని అంతేనని ఆమెకు ముందే తెలిసినట్టు లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నేను పెద్ద ప్రతిజ్ఞలేమీ చేయలేదు. అవి నా దగ్గర నిలవవని నాకు తెలుసు. పాలు పిండి తీరుతానని కూడా అనుకోలేదు. పొద్దున చిత్తూరు బస్సు మలుపులో హారన్ కొట్టేలోపల ఆవు ముందు ఉండాలి, అంతే. నా చీరలోనే. కుడితి పెట్టి, పొదుగు కడిగి, ఇచ్చినన్ని తీసుకుని లేవాలి.

మొదట్లో చెంబు అడుగు మాత్రమే తడిసేది. జ్వరం వచ్చిన నాడు తలకు తువ్వాలు చుట్టుకుని పోయాను. మా పిన్ని కూతురి పెళ్ళికి తిరుపతి పోయి, తలంబ్రాలు కాగానే పరుగున బస్సెక్కాను. మా అమ్మ అలిగింది. ఆవు కోసమని చెబితే చుట్టాలంతా నవ్వారు. ఆ కష్టమంతా ఆవు మీద ప్రేమతో కాదు. ఆమె చేయగలిగింది నేను చేయలేనా అన్న మంటే నన్ను పొద్దున్నే లేపేది. అయితే నడుమ ఎప్పుడో, మంట లేని రోజు కూడా లేచాను. అది నేను గమనించేలోపలే ఒక తెల్లవారి ఆవు నా మోచేతిని నాకి, నిండుగా చేపింది. చెంబు నిండి నురుగు నా వేళ్ళ మీదికి వచ్చింది. ఎవరినీ పిలవలేదు.

బిడ్డకు మూడో నెల దాటాక ఆమె తిరిగొచ్చింది. బిడ్డను అత్త ఒళ్ళో పెట్టి, కాళ్ళు కడుక్కుని, నేరుగా ఆవు దగ్గరికి పోయింది. ఆవు ఆమెను తన్నాలని మనసారా కోరుకున్నాను. తన్నలేదు. నిన్ననే పిండి పోయిన మనిషికి ఇచ్చినట్టు ఇచ్చింది.

"బాగా సూసుకున్నావక్కా" అంది ఆమె, పిండుతూనే. ఆ మెప్పు కూడా నాకు కారం పూసినట్టే ఉంది.

"ఇంక నువ్వు పొద్దున్నే లెయ్యబల్లేదులే" అంది అత్త.

"అత్తా, ఇంకో ఆవును తోలకరమ్మని మామకు చెప్పండి. దాన్ని నేను సూసుకుంటా."

అత్త నా మొహంలోకి చూసింది. "నడాన ఇడిసిపెడితే?"

"ఇడిసిపెట్టను."

ఆ మాట ఆ ఇంట్లో ఎన్నోసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ, నోరు మూసేలోపలే లోపల ఒక సాకు తయారుగా ఉండేది. ఆ రోజు వెతికినా దొరకలేదు.

అత్త బిడ్డను భుజానికి మార్చుకుని, "సరే, చెప్తాలే. నువ్వు అన్నావంటే సేస్తావు" అంది.

చెంబులో ధార చప్పుడు ఆగింది. తోడికోడలు తల తిప్పి ఒకసారి అత్త వైపు, ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అది నా మొహంలోనే ఉండేది. నాకు చాలా సంతోషమేసింది.