ఎల్లమావాస్య నాడు పెట్టిన మీటింగ్

కరోనా పోయి బడులు మళ్ళ తెరుచుకున్న రెండో ఏడాది. డిసెంబర్ నెల. జహీరాబాద్‌ల పొద్దున తొమ్మిదైనా చలి ఇడుస్తలేదు. అప్పటికి తొమ్మిదేండ్ల సంది నేను సీఆర్పీ నౌకరి చేస్తున్న. సీఆర్పీ అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్. పేరు పెద్దదే గని పని మాత్రం తపాలా మనిషి పని. పది పన్నెండు ఊర్ల బడులకు ఒక్క మనిషి. ఆఫీసు మాట బడికి చెప్పాలె, బడి మాట ఆఫీసుకు మోయాలె. టీచర్లు మమ్మల్ని ఆఫీసోళ్ళంటరు, ఆఫీసోళ్ళు మమ్మల్ని లెక్కలకే తీస్కోరు.

ఈ పనిల నాకు నచ్చినది ఒక్కటున్నది. పదిహేను రోజులకొక్కసారి నేనొక కాగితం రాస్త. దాని పేరు ‘బడి ముచ్చట్లు’. ఒక దిక్కు అయిపోయిన సంగతులు: ఫలానా బడి పిల్ల సైన్స్ ఫెయిర్ల గెలిచింది, ఫలానా బడికి నల్లా వచ్చింది. రెండో దిక్కు ‘రాబొయ్యేవి’: కండ్ల పరీక్ష ఏనాడు, ఆటల పోటీలు ఎక్కడ, గురుకులం పరీక్షకు ఫారాలు ఎప్పటిదాక. జిరాక్సులు తీసి బడి గోడకు, అంగన్‌వాడీకి, కిరాణా దుకాణానికి అంటిస్త. వాట్సప్‌ల కూడ పెడ్త. ఎవలు చెప్పలే నన్ను ఇది రాయమని. నా అంతట నేనే మొదలుపెట్టిన. మా ఊర్లల్ల పేపర్ల పేరు పడని పిల్లల పేర్లు నా కాగితంల పడ్తయని నాకు జర గర్వమే. ఆ గర్వమే ఒకనాడు నా ముక్కు పచ్చడి చేసింది.

న్యాల్‌కల్ దిక్కు, కర్ణాటక పొలిమేరకు దగ్గర ఒక ఊరున్నది. అక్కడి ప్రైమరీ బడిల పద్నాలుగు మంది పిల్లలు, ఒక్క సారు. ఆయన పేరు సిద్ధప్ప. నాలుగేండ్ల సంది అదే బడి. మెత్తటి మనిషి, ఎంత మెత్తగనంటే తన కుర్చిల ఎవలన్న కూసుంటే లెమ్మని కూడ అనడు. పిల్లలు తక్కువున్న బడుల జాబితాల ఆ బడి పేరు పడ్డది. జిల్లా నుంచి ఒక సారు వస్తడు, తల్లిదండ్రులతోని మాట్లాడ్తడు, బడి ఉంచాల్నా, మూడు కిలోమీటర్ల అవతలి బడిల కలపాల్నా అని రాసుకపోతడు. ఆయన రాసే కాగితమే ఆ బడికి ఆయువు.

ఆ సారు నాకు ఫోన్ చేసి, “ఈ వారంలో ఏ రోజైనా సరే, డేటు నువ్వే పెట్టమ్మా” అన్నడు. నేను వంటింట్ల గోడకున్న క్యాలెండర్ చూసిన. మాది క్రైస్తవుల ఇల్లు. మా గోడకుండేది చర్చి క్యాలెండర్. అండ్ల ఆదివారాలుంటయి, వాక్యాలుంటయి, క్రిస్మస్ ఎర్రగ ఉంటది. తిథులుండయి. పండుగకు రెండు రోజుల ముందు శుక్రవారం ఖాళీగ కనవడ్డది. ఆ పని అయిపోతే హాయిగ కేకులు చేస్కోవచ్చనుకున్న. ‘రాబొయ్యేవి’ల పెద్ద అక్షరాలతోని రాసిన: శుక్రవారం పదకొండు గంటలకు తల్లిదండ్రుల మీటింగ్, జిల్లా సారు వస్తున్నరు, అందరు తప్పక రావాలె.

శుక్రవారం పదిన్నరకు ఆటో దిగి ఊర్లకు పోయిన. ఒక్క మనిషి లేడు. ఇండ్లకు తాళాలు. కిరాణా దుకాణం బంద్. కుక్కలు కూడ లేవు, నిజంగ లేవు. బడికి పోతే సిద్ధప్ప సారు ఒక్కడే చాపలు పరిచి, మంచినీళ్ళ బిందె నింపి, గుమ్మంల నిలబడ్డడు.

“సార్, ఊరంత ఎటు పోయింది?”

“చేన్లకు పోయిన్రు మేడం. ఇయ్యాల ఎల్లమావాస్య గదా.”

నేను నెత్తి పట్టుకున్న. పొలిమేర ఊర్లల్ల ఎల్లమావాస్య అంటే ఇండ్ల ఎవ్వలుండని పండుగ. జొన్న చేన్ల ఐదు రాళ్ళకు సున్నం పూసి పూజ చేస్తరు. ఇంటిల్లిపాది, చుట్టాలు పక్కాలు అందరు అక్కడ్నే తింటరు. నేను తొమ్మిదేండ్ల సంది ఆ ఊర్లల్ల తిరుగుతున్న. పండుగ సంగతి ఎరుకనే, ఎప్పుడొస్తదో ఎరుక లేదు.

“మరి మీరన్న చెప్పద్దా సార్!”

“డేటు పైనుంచి వచ్చిందనుకున్న మేడం. పైనుంచి వచ్చినదాన్ని మనం ఎట్ల అడుగుతం?”

“ఊరోళ్ళన్న అడగలేదా?”

ఆయన తలకాయ దించుకున్నడు. “అడిగిన్రు. ఎల్లమావాస్య నాడు మీటింగ్ ఎవలు పెడ్తరు, కాగితంల డేటు తప్పు పడ్డదని వాళ్ళే అనుకున్రు. మళ్ళ సరిజేసి పంపుతరులే అన్రు.”

చూడున్రి మా తెలివి! ఊరోళ్ళు నన్ను అడగలే, సారు నన్ను అడగలే, నేను ఎవ్వల్ని అడగలే. సిద్ధప్ప సారు మీద కోపానికి రాబోయిన గని ఆపుకున్న. తప్పు నాది పెట్టుకొని ఆయన మీద ఎగిరితే ఏమొస్తది? బడి కమిటీ చైర్మన్ సంగమ్మకు ఫోన్ కొట్టిన. మోగింది, మోగింది, ఎత్తలే. ఇంతల జీపు వచ్చి బడి ముందట ఆగింది.

జిల్లా సారు దిగిండు. ఖాళీ చాపలు చూసిండు. గడియారం చూసిండు.

“పద్నాలుగు మంది పిల్లలున్న బడికి ఒక్క తల్లి కూడా రాలేదా? వీళ్ళకు బడి అక్కర్లేదన్నమాట” అనుకుంట సంచిలకెళ్ళి ఫారం తీసిండు. హాజరు అన్న గడి మీద పెన్ను పెట్టిండు.

అప్పుడు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో ఆ యేసయ్యకే ఎరుక. “సార్, రాయకున్రి. తప్పు నాది. వాళ్ళ పండుగ నాడు మీటింగ్ పెట్టిన. వాళ్ళు బడిని ఇడిచిపెట్టలే, నేనే తెల్వక పెట్టిన. అర్ధ కిలోమీటర్ నడవున్రి సార్, మీటింగ్ అక్కడ్నే పెడ్త.”

“చేలో మీటింగా?”

“మనుషులున్నకాడనే గదా సార్ మీటింగ్.”

ఆయనకు మధ్యాహ్నం ఇంకో బడి ఉన్నది. ముఖం చిట్లించుకున్నడు గని నడిచిండు. దారి పొడుగునా కుసుమ ముండ్లు ఆయన ప్యాంటును పట్టుకుంటున్నయి. నేను వెనక నడుస్తున్న, ఒక్కొక్క ముల్లు ఆయనకు గుచ్చుకున్నప్పుడల్ల నాకు గుచ్చుకున్నట్టయితుండె. సిద్ధప్ప సారు హాజరు రిజిస్టర్ చంకల పెట్టుకొని అందరికన్న వెనక వస్తున్నడు.

సంగమ్మ చేన్ల జొన్న మనిషెత్తు ఉన్నది. నడుమ జొన్నకట్టెలతోని చిన్న గుడిసె, అండ్ల తెల్లటి రాళ్ళు. మమ్మల్ని చూసి ఆమె నోరు తెరిచింది.

“అయ్యో రూతు మేడం! మీటింగ్ ఇయ్యాల్నేనా? నేను తప్పు పడ్డదనుకున్న!”

“తప్పే పడ్డది సంగమ్మా, అచ్చుల కాదు, నా తలకాయల. సారు బడి సంగతి మాట్లాడనీకి వచ్చిండు. ఇప్పుడే మాట్లాడాలె.”

“మాట్లాడుదాం. ముందుగాల తినాలె.”

జిల్లా సారు చేతులూపిండు. “వద్దమ్మా, టైం లేదు.”

“ఈపొద్దు చేనుకొచ్చినోళ్ళు ఉత్తకడుపుతోని పోతే మా పంటకు మంచిగాదు సార్. జర తినున్రి, తింటనే మాట్లాడున్రి” అని ఆయన చేతుల విస్తరి పెట్టింది. సజ్జ రొట్టె, మీద భజ్జి. భజ్జి అంటే మిర్చి బజ్జి కాదు. పచ్చి కందులు, శనగలు, చిక్కుడు, ఆకుకూరలు అన్ని కలిపి చింతపులుసుతోని ఉడికించిన కూర. ఏడాదికొక్కసారే చేస్తరు. సారు ఒక ముద్ద తిన్నడు, ఇంకో ముద్ద తిన్నడు, మెల్లగ గట్టు మీద కూసున్నడు.

ఆలోపట సంగమ్మ గట్టెక్కి నోటికి చేతులడ్డం పెట్టి కేకేసింది. “జిల్లా సారు వచ్చిండు! బడి తీసేస్తరంట! రాండ్రి!” ఈ చేన్ల నుంచి ఆ చేనుకు, ఆ చేన్ల నుంచి ఇంకో చేనుకు అదే కేక పోయింది. నా వాట్సప్ కన్న జల్ది పోయింది. పది నిమిషాలల్ల నలభై యాభై మంది అయిన్రు. చేతులల్ల రొట్టెలతోనే వచ్చిన్రు.

జిల్లా సారు మంచి మాటల్నే చెప్పిండు. అవతలి బడిల ఐదుగురు టీచర్లున్నరు, ఇక్కడ ఒక్కరే, పిల్లలకు ఏది మేలు?

“దూరం బడికి మొగపిల్లలు పోతరు సార్” అన్నది సంగమ్మ. “ఆడపిల్లలు రెండు నెలలు పోతరు. తర్వాత కూలి కైకిలికి పోయే తల్లి చిన్నపిల్లను చూడుమని ఇంట్ల ఉంచుకుంటది. బడి ఊర్ల ఉంటే చిన్నదాన్ని సంకల ఏస్కోనన్న వస్తది. నన్ను గట్లనే బంద్ చేసిన్రు. రెండో క్లాసు. నాకు చదువు మీద మస్తు ప్రేమ, పావురం ఉండె సార్.”

ఆ మాట అనుకుంటనే ఆమె సారు విస్తరిల ఇంకో రొట్టె ఏసింది.

సారు మెత్తబడ్డడు గని లెక్క ఇడువలే. “నాకూ అర్థమవుతుందమ్మా. కానీ పద్నాలుగు మందితో నేను పైవాళ్ళకు ఏం చెప్పను?”

అప్పుడు సంగమ్మ పక్క చేను మల్లేశం దిక్కు తిరిగింది. ఆయన ఇద్దరు పిల్లలు జహీరాబాద్ ప్రైవేటు బడికి వాన్ల పోతరు. మామూలుగైతే ఆయన బడి మీటింగుకు అడుగు పెట్టడు. పండుగ గనుక చేన్ల దొరికిండు.

“ఏం మల్లేశన్నా, మొన్న వానలల్ల వాన్ బురదల దిగబడ్డనాడు నీ పిల్లలను ఎత్తుకొచ్చింది ఎవలు?”

మల్లేశం మీసం గోక్కున్నడు. “సిద్ధప్ప సారే.”

“నీ పిల్లకు ఎక్కాలు ఎవలు నేర్పిన్రు, ఐతారం నాడు అరుగు మీద కూసోబెట్టి?”

“ఆయన్నే.”

“ఫీజు వాన్‌కు, చదువు సిద్ధప్ప సారు కాడనా? ఇదేం లెక్క, ఇదేం ఇసాబు?”

జనం పకపక నవ్విన్రు. సిద్ధప్ప సారు సిగ్గుతోని జొన్నకట్టెల వెనక్కి జరిగిండు. ఈ సంగతులేవీ నాకు తెల్వయి. నాలుగేండ్లల్ల ఆయన ఒక్కనాడు నా కాగితంల రాయమని చెప్పలే. అందరి పేర్లు రాసిన్నని మురిసిన నేను ఆ మనిషి పేరు ఒక్కసారి రాయలే.

మల్లేశం నిలబడ్డడు. “రాస్కోన్రి సార్. జూన్ల నా ఇద్దరు ఇక్కడ్నే చేరుతరు.” ఆయన వెనక ఇంకో ముగ్గురు లేచిన్రు. అందరు కలిసి తొమ్మిది మంది పిల్లల పేర్లు. సిద్ధప్ప సారు రిజిస్టర్ తెరిచి రాస్తుంటే తొందరల తప్పు పడి రెండు పేర్లు కొట్టేసి మళ్ళ రాసిండు. జిల్లా సారు తన ఫారం మోకాలు మీద పెట్టుకున్నడు. హాజరు అన్న గడిల ‘ఊరంతా’ అని రాసిండు. మీటింగ్ జరిగిన చోటు అన్న గడిల ‘జొన్నచేను’ అని రాసిండు. నేను కండ్లార చూసిన.

వేసవి సెలవుల ముందు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, బడి ఉంటదని. ఆ సంగతి రాసిన ‘బడి ముచ్చట్లు’ నేను వాట్సప్‌ల పెట్టలే. సొంతంగ పట్కపోయి సంగమ్మ చేతికిచ్చిన. పైన సిద్ధప్ప సారు పేరు, కింద తొమ్మిది మంది పిల్లల పేర్లు. ఆమె కూడబలుక్కుంట మొత్తం చదివింది.

“నీ తప్పే మాకు మేలు చేసింది మేడం. సక్కగ డేటు పెడ్తే బడిల పది మంది సంతకాలు పెట్టి పోతుండె. మల్లేశం ఎక్కడ దొరుకుతుండె?”

ఆ పొగడ్త నేను తీస్కోలే. తప్పు తప్పే. ఆనాడు ఊరు నన్ను కాపాడింది, నేను ఊరిని కాదు. అప్పటి సంది ఏ ఊరికి ఏ డేటు రాసేముందన్నా ఆ ఊరికి ఫోన్ చేస్త, అంగడి ఎప్పుడు, జాతర ఎప్పుడు, అల్లం తవ్వకాలు ఎప్పుడని అడుగుత. తర్వాత ఇంకొకటి కూడ అడుగుత: “మీ ఊర్ల మంచిపని చేసుకుంట చెప్పుకోనోళ్ళు ఎవలన్న ఉన్నరా?” ఇంతవరకు ఒక్క ఊరు కూడ లేరని చెప్పలే.